తలుపు మూసి ఉంది

ఫోన్‌లో ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఉండాల్సిన అంకె ఇరవై తొమ్మిదిన్నర చూపిస్తోంది, అదీ ఏసీ నడుస్తుండగా, తలుపు మూసి ఉండగా. ఇక్కడ చూస్తే మా కంపెనీ బస్సు రుద్రారం దాటి పావుగంట నుంచి అంగుళం కదల్లేదు. ముందు ఎక్కడో ఇనుప రాడ్ల లారీ అడ్డం తిరిగిందట. డ్రైవర్ దుర్గాప్రసాద్ ఇంజన్ ఆపి, తలకు తువ్వాలు చుట్టుకుని స్టీరింగ్ మీద వాలాడు. మధ్యాహ్నం రెండున్నర, కిటికీ రేకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. పక్క సీట్లో మొగులయ్యన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, బాయిలర్ దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ఈ ఎండ ఒక లెక్కా. నాకు మాత్రం ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఫోన్ తీస్తాను, చూస్తాను, జేబులో పెడతాను, పెట్టిన చెయ్యి బయటికి రాకముందే మళ్లీ తీస్తాను. ఇరవై తొమ్మిది పాయింట్ ఏడు. కందిలో, పెద్ద కాలేజీ క్యాంపస్ గోడ అవతలి వీధిలో, మా ఇంటి లోపలి గదిలో నా భార్య రేఖ, పదహారు రోజుల మా పాప, వాళ్లను కనిపెట్టుకుని మా అమ్మ ముత్యమ్మ ఉన్నారు. ఆ గది ఇరవై ఏడు దాటకూడదని నేను నిర్ణయించాను. నిర్ణయించడమే కాదు, దాటకుండా ఏర్పాటు కూడా చేశాను. మరి ఎలా దాటుతుంది?

ఏర్పాటు అంటే అల్లాటప్పా ఏర్పాటు కాదు. ఫ్యాక్టరీలో రియాక్టర్ల వేడిని అర డిగ్రీ అటూ ఇటూ కాకుండా పట్టి ఉంచేవాణ్ని, ఇంట్లో ఒక టన్ను ఏసీని పట్టలేనా అనుకున్నాను. రిమోట్ చేసే పనంతా చేసే చిన్న నల్ల డబ్బా ఒకటి గదిలో ఏసీ ఎదుటి గోడకు పెట్టాను, నేను ఎక్కడున్నా ఫోన్‌లో చెబితే విని అది ఏసీకి చెబుతుంది. మంచం తలవైపు గోడకు అగ్గిపెట్టెంత సెన్సర్, గదిలో వేడి ఎంత, తేమ ఎంత చూస్తుంది. తలుపుకు అయస్కాంతం ముక్క, తెరిచారా మూశారా కనిపెడుతుంది. వీటన్నిటికీ పెద్దదిక్కుగా మూలన ఒక పాత లాప్‌టాప్. ఎండ ముదరకముందే పదకొండింటికి గదిని చల్లబరచడం, ఆ తర్వాత ఏసీని ఆపి ఆపి పరిగెత్తించకుండా నింపాదిగా నడిపించడం, తలుపు రెండు నిమిషాలకు మించి తెరిచి ఉంటే ఏసీని కట్టేసి నాకు కబురు పంపడం, అన్నీ రాసిపెట్టాను. కిటికీ సందులకు ఫోమ్ పట్టీ వేశాను, తలుపు కింద రబ్బరు పట్టీ వేశాను, వెంటిలేటర్‌కు థర్మాకోల్ బిగించాను. చీమ దూరే సందు కూడా లేదురా శ్రీశైలం అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఒక్కటే లోపం. ఈ ఏసీ నా మాట వింటుంది గానీ తిరిగి నాకేమీ చెప్పదు. ఆన్ అంటే ఆన్ అయిందని నమ్మాల్సిందే. మాట అందినప్పుడు మాత్రం ఒకసారి కుయ్‌మంటుంది, అదైనా గదిలో ఉన్నవాళ్లకే వినబడుతుంది. అమ్మ దాన్ని పిట్ట అంటుంది, "శ్రీశైలం పిట్ట కూసింది" అంటుంది. ఆ కూతకు పాప ఉలిక్కిపడుతోందని రేఖ గొణిగితే, ఆదివారం మూత విప్పి దాని గొంతు పీకేస్తానన్నాను. అసలు రిమోట్ అయితే అమ్మ చలేస్తోందని రెండుసార్లు నొక్కి నా లెక్కంతా తారుమారు చేసింది, అందుకే తీసి టిఫిన్ బ్యాగులో వేసుకున్నాను. ఇప్పుడది నా ఒళ్లోనే ఉంది, ఇంటికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, అన్నం డబ్బా పక్కన.

ముప్పై పాయింట్ రెండు. గుడ్డలే అయ్యుంటాయి. మొన్న సెలవునాడు చూద్దును కదా, గోడ బయట ఏసీ డబ్బా వేడి గాలి కక్కే చోట తాడు కట్టి అమ్మ పాప గుడ్డలు ఆరేసింది. "ఏందవ్వా ఇది, దానికి ఊపిరి ఆడొద్దా?" అంటే, "ఊకె పోయే గాలే గదరా, ఐదు నిమిషాల్ల ఎండుతున్నయి" అంది. నిజం చెప్పాలంటే తెలివైన పనే, వృథాగా పోయే వేడిని ఇలా వాడుకోవచ్చని మా ఫ్యాక్టరీలో ఎవరైనా కాగితం రాసిస్తే చప్పట్లు కొట్టి శాలువా కప్పుతారు. నేను మాత్రం తాడు తెంపేశాను. అమ్మ తడిగుడ్డలు భుజాన వేసుకుని డాబా మీదికి పోయింది. ఆ ఎండలో చెప్పుల్లేకుండా పోయింది. ఎందుకు తెంపానో, రెండడుగులు పక్కకు కట్టినా సరిపోయేది. తన చేతికి ఏదీ నేర్పక్కర్లేదు అమ్మకి. ఇతరుల చేలలో ముప్పై ఏళ్లు నాట్లు వేసింది, కలుపు తీసింది, ఆ చేలు ఫ్యాక్టరీలయ్యాక వాటి ప్రహరీలకే ఇటుకలు మోసింది. రేఖకు తల్లి లేదు కాబట్టి పురుడూ పుణ్యం అన్నీ తనే చూసుకుంటోంది. వీధి చివరి మల్లవ్వ వచ్చి తల్లికీ పిల్లకీ వేణ్నీళ్లు పోసి పోతుంది, ఆ తర్వాతదంతా అమ్మే. చెవుల్లో దూది, నడుముకు గుడ్డ, కారం లేని కూర, చల్లగాలి తగలకూడదనే పట్టు. నాకేమో ఈ రోహిణి కార్తెలో పాప ఒళ్లు పేలిపోతుందని భయం. "నువ్వు పుట్టింది గూడ గీ కార్తెలనే బిడ్డా. రేకుల ఇంట్ల, మీద ఎండ, మంచం కింద కుంపటి. ఏమైంది నీకు, గుండు లెక్క లేవా?" అంటుంది. ఆ రోజులు వేరవ్వా అంటాను. అప్పటి రోజులు ఎలా ఉండేవో నాకేం తెలుసు, మంచం మీద ఉన్నవాణ్ని.

నిన్నటి గొడవ కూడా దానికే. వారం నుంచీ రోజూ ఇదే వరస, రెండు నిమిషాలు దాటగానే నా ఫోన్ మోగుతుంది, తలుపు తెరిచి ఉంది, చల్లదనం వృథా అవుతోంది అని నేనే రాసుకున్న మాటలు నాకే వచ్చి పడతాయి, షిఫ్టులో ఇంజనీరు ముందర నిలబడి చేస్తున్న పని ఆగిపోతుంది. ఇంటికి పోగానే అరిచాను. "ఎన్నిసార్లు చెప్పాలె అవ్వా నీకు? తలుపు తీసినప్పుడల్లా ఏసీ బంద్ అయితది." అమ్మ పాప కాళ్లకు నూనె రాస్తోంది. "నీళ్లు పోసినంక జెరసేపే తీస్తున్న బిడ్డా, ఎందుకంటె..." అని ఏదో చెప్పబోయింది. ఎందుకో నాకు అక్కర్లేకపోయింది. "ఏం జేస్తవో నాకు తెల్వదు, ఏం జేసినా తలుపు పెట్టుకోని చెయ్యి. రేపు గన్క తలుపు తీసినట్టు ఫోన్ వచ్చిందంటే మంచిగుండదు." రేఖ మంచం మీంచి, "మెల్లగ మాట్లాడు, నాకు రెండు రోజుల సంది తల నొస్తుంది" అంది. నిద్రలేక అయ్యుంటుందిలే అన్నాను. అమ్మ మాత్రం తల ఊపి, "ఇగ తలుపు తియ్య పో" అంది. ఈ రోజు ఒక్కసారి కూడా ఫోన్ రాలేదు. పొద్దున్నుంచీ గ్రాఫు గీత గీసినట్టు ఉంటే, చూశారా గట్టిగా చెబితే గానీ పని జరగదు అనుకున్నాను, టీ తాగుతూ నలుగురికీ చూపించాను కూడా. సిగ్గుచేటు.

ముప్పై ఒకటి. గుడ్డలైతే ఇంత తొందరగా పెరగదు. గ్యాస్ అయిపోయిందా, ఏసీ ఆగిందా, ఆగితే గోడల వేడికి అయినా ఇలా నిటారుగా లేవదు. సీటులో అటు తిరిగాను, ఇటు తిరిగాను, మోచెయ్యి తగిలి మొగులయ్యన్న లేచాడు. "ఏందే, పురుగు కుట్టినట్టు గట్ల మెసుల్తున్నవ్?" ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. కళ్లు నలుపుకుని, దూరంగా పట్టి చూశాడు. చదువు తక్కువే గానీ అంకెలతో బతికిన మనిషి. "గీ కింది గీత ఏంది?" "తేమ అన్నా." "మీదిది లేస్తుంటె కిందిది దిగుతుంది సూడు. ఎండు వేడి. నేను పొద్దుగాల బాయిలర్ ముట్టిచ్చినప్పుడు గిట్లనే లేస్తది. ఇంట్ల పొయ్యి గిట్ల పెట్టిండ్రా?" అని నవ్వి, మళ్లీ తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు.

పొయ్యి లేదు ఆ గదిలో. గదిలో పొయ్యి ఎందుకుంటుంది. మల్లవ్వ ఈ రోజు ఆలస్యంగా వస్తుందన్నారు, మనవరాలిని బడిలో వేయడానికి పోయిందట, అంటే ఒంటిగంట దాటాక స్నానాలు అయ్యుంటాయి, స్నానాలు అయ్యాక తడి జుట్టు ఆరడానికి, పాపకు చలి పట్టకుండా, వాము, సాంబ్రాణి, వెల్లుల్లి పొట్టు, మంచం కింద, మంచం కింద కుంపటి. నీళ్లు పోసినంక జెరసేపే తీస్తున్న బిడ్డా, ఎందుకంటె. ఎందుకంటే పొగ వేస్తున్న, బొగ్గుల మీద. ఎందుకంటే గాలి ఆడాలె. అమ్మకు ఏ పుస్తకమూ చెప్పలేదు, వాళ్లమ్మ అలా చేసింది కాబట్టి తనూ తలుపు తీసి చేస్తోంది. నేను చీమ దూరే సందు లేకుండా మూసి, తలుపు పెట్టుకుని చేయమన్నాను.

మూడేళ్ల కిందటి డిసెంబరు. మా పక్క షెడ్డు గేటు దగ్గర సెక్యూరిటీ గది. ఆరింటి షిఫ్టుకు గేటులో గ్యాస్ మీటర్ తీసుకుని లోపలికి పోతుంటే మనుషులు మూగి ఉన్నారు, ఎవరో నన్ను చూసి మీటర్ ఉంది కదా రమ్మన్నారు. చలికి రేకు డబ్బాలో బొగ్గులు వేసుకుని, తలుపు బిగించుకుని పడుకున్నారు ఇద్దరు. పొగ లేదు, వాసన లేదు. నేను చెయ్యి చాపి మీటర్‌ను గడప లోపల పెట్టానో లేదో అది అరవడం మొదలుపెట్టింది. ఒకతన్ని ఆసుపత్రిలో బతికించారు. రెండో అతని మీద దుప్పటి కూడా చెదరలేదు, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, లేపితే లేస్తాడనిపించింది. మూసిన గదిలో బొగ్గులు మండితే వచ్చే ఆ విషపు గాలిని పసిగట్టే మీటర్‌ను నెలకోసారి సరిచూసేది నేనే. ఎనిమిది గంటలు నడుముకు కట్టుకుని తిరుగుతాను, పోయేటప్పుడు గేటు దగ్గర అప్పగించి పోతాను. ఇంట్లో వేడికి సెన్సర్ ఉంది, తేమకు ఉంది, తలుపుకు ఉంది. ఆ గాలికి లేదు. రెండు రోజుల సంది తల నొస్తుంది అంది రేఖ.

రేఖకు ఫోన్. మోగుతోంది, మోగి మోగి ఆగింది, పాప లేస్తుందని సైలెంట్‌లో పెడుతుంది, నేనే పెట్టమన్నాను. అమ్మకు ఫోన్. అది ముందు గదిలో టీవీ మీద ఉంటుంది, తలుపు కింద రబ్బరు పట్టీ శబ్దాన్ని కూడా ఆపుతుందని గర్వంగా చెప్పింది నేనే. ఎదురింటి సునందకు ఫోన్. "నేను సంగారెడ్డిల ఉన్న అన్నా, ఎందుకు?" పెట్టేశాను, చెప్పడానికి కూడా తీరిక లేనట్టు పెట్టేశాను. ముప్పై ఒకటిన్నర. ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది, కొత్త గాలి తేదు, ఈ మాట నేనే ఎంతమందికి చెప్పానో. బస్సు తలుపు తీయమని దుర్గాప్రసాద్ భుజం కుదిపాను. మొగులయ్యన్న వెనక నుంచి ఏందిరా ఏందిరా అంటున్నాడు. దిగాను. రోడ్డంతా లారీలు, మధ్యలో సందు, తారు మెత్తగా కాలికి అంటుతోంది. నడుస్తున్నానా పరిగెత్తుతున్నానా తెలియదు. పరిగెత్తినా గంట. ఆ గదిలోకి పోవడానికి నాకు ఒకే ఒక దారి ఉంది, అది ఏసీ.

పదహారు పెట్టాను. ఫ్యాన్ ఎక్కువ పెట్టాను. చలి తగిలితే అమ్మ ఏం చేస్తుంది, వారం నుంచీ ఏం చేస్తోందో అదే, తలుపు తీస్తుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, పంపుతోంది, పంపుతోంది, ఈ ఫోన్ సిగ్నల్ తగలబడ, పంపింది. ఈపాటికి కుయ్‌మని ఉంటుంది. తలుపు మూసి ఉంది. కింద నిప్పులుంటే పై చలి ఎంతని తగులుతుంది, తగిలినా తియ్య పో అని మాటిచ్చింది, మా అమ్మ మాటిస్తే అంతే, కూలికి వస్తానన్న రోజు జ్వరమొచ్చినా పోయిన మనిషి. పదిహేడు నొక్కాను. కుయ్. పదహారు. కుయ్. పదిహేడు, పదహారు, పదిహేడు. చలి కాదు నాకు కావాల్సింది, కూత. నువ్వే అన్నావు కదవ్వా, శ్రీశైలం పిట్ట అని. అది కూస్తే నేను ఏదో చేస్తున్నానని నీకు తెలుసు కదా. ఇన్నిసార్లు ఎందుకు కూస్తోందని అడగవా, లేచి వచ్చి ఫోన్ తీసి నాలుగు తిట్టవా. ఆదివారం దాని గొంతు పీకేసేవాణ్ని, ఇంకా రెండు రోజులే ఉన్నాయి ఆదివారానికి. పదిహేడు. పదహారు. లారీ కింద నీడలో కూర్చున్న క్లీనర్ నన్ను వింతగా చూస్తున్నాడు, నేను పైకే మాట్లాడుతున్నాను కాబోలు. లే అవ్వా. తలుపు మూసి ఉంది. పాప చెవుల్లో దూది ఉంది, రేఖ చెవుల్లో దూది ఉంది, అమ్మ చెవుల్లో లేదు. కానీ పొద్దున్నుంచీ చాకిరీ చేసి అలిసిపోయి తనూ గోడకు ఆనుకుని కన్ను మూస్తే? ఎర్రటి బుగ్గలు గుర్తొస్తున్నాయి, వద్దు, అది గుర్తు రావద్దు. ఎన్నిసార్లు నొక్కానో లెక్క తప్పింది. బొటనవేలు చెమటకు జారుతోంది, లాగుకు తుడుచుకుని మళ్లీ నొక్కాను. నేను చెప్పడమే గానీ అటు నుంచి నాకేమీ చెప్పని యంత్రం, నేనూ అమ్మతో అలాగే ఉన్నాను, చెప్పడమే గానీ ఎందుకంటె దగ్గర ఒక్క నిమిషం ఆగలేదు. పదహారు. పదిహేడు. తలుపు మూసి ఉంది. పదహారు. తలుపు తెరిచి ఉంది.

రెండు గంటల యాభై ఒకటి. కళ్లకు పట్టిన చెమట తుడుచుకుని మళ్లీ చూశాను. తెరిచే ఉంది. అంతలో చేతిలో ఫోన్ మోగింది.

"ఏందిరా, గా పిట్టను పిసికి సంపుతున్నవా ఏంది? పిల్ల లేసింది."

"అవ్వా, కుంపటి ఉందా లోపట?"

"ఉన్నది. పొగేసిన. తలుపు పెట్టుకోనే ఏసిన బిడ్డా, తియ్యలే నేను."

"తలుపు పెట్టకు. ముందుగాల పిల్లను, రేఖను బయట అరుగు మీదికి తీస్కరా. తీసినంక నువ్వు గూడ లోపటికి పోకు. దండం పెడుత, జల్దీ."

ఎందుకని అడగలేదు. ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. "రేఖా, లే బిడ్డా. లే." కాసేపు ఏమీ లేదు. "రేఖా. ఓ రేఖా." మళ్లీ ఏమీ లేదు. లారీ టైరు పట్టుకుని నిలబడ్డాను, రబ్బరు కాలుతోందని తర్వాతెప్పుడో తెలిసింది. ఏదో ఈడ్చిన శబ్దం, గాజుల శబ్దం, అమ్మ మూలుగు, ఎవరినో మోస్తున్నప్పటి మూలుగు. తర్వాత దగ్గు. రేఖ దగ్గు, నాకు తెలియదా. ఆ తర్వాత బయట నుంచి, గాలి హోరులో, పాప ఏడుపు. పదహారు రోజుల్లో అంత గట్టిగా ఏడవడం నేను వినలేదు, లేదా విన్నప్పుడల్లా ఆపండి అన్నాను.

"కక్కింది రా" అమ్మ గొంతు ఆయాసంతో వచ్చింది. "తల తిరుగుతుందంటుంది. అరుగు మీద కూసోబెట్టిన. నాకు గూడ కాళ్లల్ల సత్తువ లేదు. ఏం జేసిన బిడ్డా నేను?"

"నువ్వేం జెయ్యలేదవ్వా. జేసింది నేను. గాలికి కూసోండ్రి. అంబులెన్సుకు చెప్తున్న, ముగ్గురు ఎక్కుండ్రి, నేను దవాఖానకు వస్తున్న."

అప్పటికి రెండు నిమిషాలు అయ్యాయి. నేను రాసిపెట్టిన పద్ధతి ప్రకారం ఏసీ తనంతట తాను ఆగింది. తలుపు తెరిచి ఉంది, చల్లదనం వృథా అవుతోంది అని చెవి దగ్గరే ఫోన్ అదిరింది. అక్కడ ఖాళీ గదిలో పిట్ట కూసి ఉంటుంది, అరుగు దాకా వినబడి ఉంటుంది, ఎందుకంటే అమ్మ ఒక్క క్షణం ఆగి, కాళ్లలో సత్తువ లేదన్న మనిషి, మెల్లగా అడిగింది.

"మల్ల కూసింది. తలుపు పెట్టాల్నా బిడ్డా?"

ఏడుపు వచ్చింది నాకు, రోడ్డు మీద, లారీల మధ్య. అమ్మ చేత ఆ మాట అడిగించుకునేవాణ్ని అయ్యాను.

"వద్దవ్వా" అన్నాను. "నిన్న నువ్వు ఏదో చెప్పబోయినవ్, ఎందుకంటె అని. గది చెప్పు."

"ఏమున్నది బిడ్డా, పొగేసినప్పుడు జెర గాలి ఆడాలె అందామనుకున్న" అంది అమ్మ. వెనక పాప ఇంకా ఏడుస్తోంది. నేను అంబులెన్సుకు ఫోన్ చేయాలి, ఈ ఫోన్ పెట్టేయాలి. పెట్టేసే ముందు ఒక్కసారి తెర చూశాను. ముప్పై మూడు, ముప్పై మూడున్నర, బయటి ఎండంతా గదిలోకి వస్తోంది.